లెక్కకు అందని పిల్ల

చైతన్యపురిలో మా మేడకు ఒకనాటి ఉదయం ఆరోగ్యశాఖ అమ్మాయి వచ్చి, "అయిదేళ్ళలోపు పిల్లలున్నారా, సార్?" అని అడిగింది. నాకు కాలేజీకి వేళ మించిపోతోంది. "మా మేడలో అందరి పిల్లలూ పెద్దవాళ్ళేనమ్మా" అని పంపించివేశాను. ఆమె పుస్తకంలో సున్న చుట్టుకొని వెళ్ళింది.

సాయంత్రం కాఫీ ఇస్తూ మా ఆవిడ అడిగింది: "కింద వాచ్‌మన్ కూతురు మీ కంటికి ఆనలేదా?"

ఆ పిల్లకు 14 నెలలు. రోజూ నా స్కూటరు హారను మోగించి కిలకిల నవ్వేది అదే!

దేశంలో ఎందరు పిల్లలకు టీకాలు అందాయో లెక్కకట్టడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి, ఆసుపత్రుల పద్దు. వేసిన టీకాలను, ఉండవలసిన పిల్లల సంఖ్యతో భాగిస్తారు. ఆ సంఖ్యనే తక్కువ వేసుకుంటే శాతం నూరు దాటినా దాటుతుంది! రెండవది, ఇంటింటి సర్వే. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి మెతుకు పట్టి చూస్తాం కదా, ఇదీ అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 చోట్లు ఎంచి, చోటుకు 7గురు చొప్పున 210 మంది పిల్లలను చూసే పద్ధతి ఒకటి నేర్పింది. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంతకన్న చాలా పెద్దది. 12 నుంచి 23 నెలల పిల్లల టీకా కార్డు చూస్తారు. కార్డు లేకపోతే తల్లి మాట వ్రాసుకుంటారు. బి.సి.జి., తట్టు టీకా ఒక్కొక్కటి, పోలియో, డి.పి.టి. మూడేసి పడితే 'పూర్తి' అని లెక్క. అలా పూర్తయినవారు 1992-93లో నూటికి 35 మంది, 2015-16లో 62, 2019-21లో 76. అంటే, అప్పటికీ దాదాపు నలుగురిలో ఒకరు మిగిలే ఉన్నారు.

మా పిల్ల ఏ లెక్కలోది? "అన్ని ఏయించిన సారూ! కార్డు ఊర్ల ఉంది" అంది తల్లి. దేవరకొండ బస్సులో ఆమె మరిది కార్డు తెచ్చాడు. చూస్తే తొమ్మిదో నెల గడి ఖాళీ! వాళ్ళు పొట్ట చేతపట్టుకొని పట్నం వచ్చింది ఆ నెలలోనే. తల్లి అబద్ధమాడలేదు, ఊళ్ళో నర్సమ్మ చెప్పినవన్నీ వేయించింది. తరువాత చెప్పేవారు లేకపోయారు. చెప్పడానికి వచ్చిన మనిషిని గుమ్మంలోనుంచే పంపించిన మహానుభావుణ్ణి నేను!

ఆ బుధవారమే మా ఆవిడ తల్లీబిడ్డలను వెంటబెట్టుకొని వెళ్ళి తట్టు టీకా వేయించింది. పిల్ల వీధంతా వినబడేట్టు ఏడ్చిందట.

మళ్ళీ ఆ అమ్మాయి వచ్చినప్పుడు నేనే కిందికి తీసుకువెళ్ళి, ఆమె పుస్తకంలో సున్న కొట్టించి ఒకటి వేయించాను. తెలుగు మేష్టారిని; లెక్కల్లో నాకెన్నడూ మంచి మార్కులు రాలేదు. అయినా చెబుతున్నాను: మీ గుమ్మంలోకి ఆ పుస్తకం వచ్చినప్పుడు జవాబు చెప్పేముందు, ఒక్కసారి మెట్లకింది గదికేసి చూడండి.