మీకు తెలుసా? ఫ్రాంచైజీ ఓనరూ నేల తుడవాలి!

● బర్గర్లకూ ఒక యూనివర్సిటీ ఉంది. మెక్‌డొనాల్డ్స్ 1961లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఎల్క్ గ్రోవ్ విలేజ్‌లో, తన రెస్టారెంటు సెల్లార్‌లోనే ‘హాంబర్గర్ యూనివర్సిటీ’ మొదలుపెట్టింది. చదువు పూర్తిచేసినవారికి ‘హాంబర్గరాలజీ’లో పట్టా! ఇప్పుడది షికాగోకు మారింది.

● అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ ఫ్రాంచైజీ కావాలంటే అప్పు కాని సొంత సొమ్ము కనీసం 5 లక్షల డాలర్లు చూపించాలని, ఫీజు 45 వేల డాలర్లని చాలామంది చెప్పగలరు. శిక్షణ సంగతే ఎవరూ ఎత్తరు. నెలల తరబడి, జీతం లేకుండా, నడుస్తున్న రెస్టారెంట్లో పనిచేయాలి. ఫ్రైస్ వేయించడం, కౌంటర్లో నిలబడటం, నేల తుడవడం అన్నీ అందులో భాగమే. అన్నాళ్లూ ఇంటి ఖర్చు ఎవరు భరిస్తారు? నా దృష్టిలో శిక్షణకు అసలు ఖరీదు అదే. అది ఏ బ్రోచర్‌లోనూ అచ్చవదు.

● డామినోస్ దారి వేరు. బయటివాళ్లకు షాపు ఇవ్వడం కంటే, తన షాపుల్లో ఎదిగినవాళ్లకు ఇవ్వడానికే మొగ్గుచూపుతుంది. అమెరికాలో తన ఫ్రాంచైజీ యజమానుల్లో 90 శాతానికి పైగా డెలివరీ బాయ్‌లుగానో, పిజ్జాలు చేస్తూనో మొదలైనవాళ్లేనని కంపెనీ చెబుతుంది. అంటే శిక్షణ కాలంలో వాళ్లకు జీతం కూడా దక్కిందన్నమాట.

● అమెరికాలోని చికెన్ శాండ్‌విచ్‌ల బ్రాండు చిక్‌ఫిలే ఫీజు 10 వేల డాలర్లే. స్థలం, భవనం, సామగ్రి కంపెనీవే. ఎగిరి గంతేయకండి. అమ్మకాల్లో 15 శాతం, మిగిలిన లాభంలో సగం కంపెనీకి పోతుంది. షాపును అమ్ముకోలేరు, పిల్లలకు రాసివ్వలేరు. ఆదివారం మూసేయాల్సిందే.

● అమెరికా చట్టం ప్రకారం, సంతకానికీ డబ్బు కట్టడానికీ కనీసం 14 రోజుల ముందు కంపెనీ ఒక వెల్లడి పత్రం చేతికివ్వాలి. అందులో 23 అంశాలు ఉంటాయి. 11వ అంశంలో శిక్షణ పట్టిక ఉంటుంది: ఏ విషయం, తరగతి గదిలో ఎన్ని గంటలు, షాపులో ఎన్ని గంటలు, ఎక్కడ. మొత్తం పెట్టుబడి అంచనా 7వ అంశంలో. చాలా బ్రాండ్లలో పాఠం చెప్పడం వరకే ఫీజులో కలుస్తుంది. విమానం, హోటలు, భోజనం, వెంట తీసుకెళ్లిన మేనేజరు జీతం మీ జేబులోంచే. 20వ అంశంలో ఇప్పటి యజమానులతో పాటు, మధ్యలో వదిలేసిన వాళ్ల వివరాలూ ఉంటాయి. కొందరు అన్నీ చదివి దీన్నే వదిలేస్తారు!

● హెచ్‌1బి వీసా మీద ఉన్న మన తెలుగువాళ్లు షాపులో పెట్టుబడి పెట్టొచ్చు. పని మాత్రం వీసా ఇప్పించిన కంపెనీకే చేయాలి. మరి కౌంటర్ వెనక నిలబడే శిక్షణ? జీతం తీసుకోకపోయినా చిక్కే. ఇమ్మిగ్రేషన్ లాయరును అడగకుండా అడ్వాన్సు కట్టకండి. పెట్టుబడిదారులకిచ్చే ఈ2 వీసా భారత పౌరులకు లేదు.

● మన దేశంలో డామినోస్ షాపు ఎవరికీ విడిగా ఇవ్వరు. అన్నీ జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్ అనే కంపెనీ నడిపేవే. కేఎఫ్‌సీ, పిజ్జా హట్ కూడా పెద్ద కంపెనీల చేతిలోనే ఉన్నాయి. ‘రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, షాపు ఇస్తాం’ అనే సైట్లు కనిపిస్తే అనుమానించండి. అలాంటి ముఠాలను పోలీసులు పట్టుకున్న సందర్భాలున్నాయి.

● స్థానిక బ్రాండు తీసుకున్నా ఫ్రాంచైజీ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. రెస్టారెంటు 5 శాతం పన్ను కింద నడిస్తే ఆ 18 శాతం వెనక్కి రాదు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లెక్క వేరే: ప్రతి 25 మంది సిబ్బందికి శిక్షణ పొందిన ఒక సూపర్‌వైజర్ ఉండాలంటుంది.

● భారత్‌లో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. ఆ 23 అంశాల కాగితం ఇవ్వాలన్న నియమం ఇక్కడ లేదు. కాబట్టి శిక్షణ ఎన్ని రోజులు, ఎంతమందికి, ఖర్చు ఎవరిది, కుక్ మానేస్తే కొత్తవాడికి మళ్లీ నేర్పుతారా అన్నవి ఒప్పందంలో రాయించుకోండి. ఆ బ్రాండు షాపు మూసేసినవాళ్లు ఒక్కరైనా దొరికితే, సంతకానికి ముందే వెళ్లి కలవండి.