అంతర్జాతీయ కూచిపూడి నాట్య సమ్మేళనం

అంతర్జాతీయ కూచిపూడి నాట్య సమ్మేళనం కూచిపూడి కళాకారులు, గురువులు, విద్యార్థులు ఒకచోట కూడి ప్రదర్శనలు, చర్చలు జరుపుకొను ఉత్సవము. దీనిని అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర 2008లో కాలిఫోర్నియా రాష్ట్రములో ఆరంభించినది. ఒక పల్లెకు చెందిన నృత్యనాటక కళ ఖండాంతరములకు వ్యాపించిన తీరునకు ఈ సమ్మేళనం ఒక నిదర్శనము.

నేపథ్యము

కృష్ణా జిల్లా మొవ్వ మండలములోని కూచిపూడి గ్రామము ఈ కళకు పుట్టినిల్లు. సిద్ధేంద్రయోగి రచించిన భామాకలాపము దీనికి ఆయువుపట్టు. పూర్వము దీనిని భాగవతుల మేళములు ఊరూరా తిరిగి రాత్రివేళ ఆరుబయట ప్రదర్శించెడివి. సూత్రధారుడు కథ నడుపగా, ప్రతి పాత్ర తన ప్రవేశ దరువుతో రంగమున అడుగిడును. పాట, మాట, అభినయము, నృత్తము నాలుగునూ నటునికి తెలిసియుండవలెను. స్త్రీ పాత్రలను కూడ పురుషులే ధరించెడివారు. సత్యభామ పాత్రధారణలో వేదాంతం సత్యనారాయణశర్మ విశేష ఖ్యాతి పొందినారు.

ఇరవయ్యవ శతాబ్దములో ఈ కళ రూపు మారినది. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి స్త్రీలకు నాట్యము నేర్పి, ఏకపాత్ర నృత్యమునకు బాట వేసినారు. 1958లో ఢిల్లీలో జరిగిన నృత్య సదస్సులో కూచిపూడికి శాస్త్రీయ నృత్యముగా తగిన గుర్తింపు లభించలేదు. మరుసటి సంవత్సరము ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ హైదరాబాదులో ప్రత్యేక సదస్సు నిర్వహించి ఈ కళ శాస్త్రీయతను చాటినది. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి, స్త్రీలు కూడ పాల్గొను నూతన నృత్యనాటికలను రూపొందించినారు.

ఆరంభము, విస్తరణ

సిలికానాంధ్ర సంస్థను 2001లో కూచిభొట్ల ఆనంద్ తదితరులు స్థాపించినారు. తొలి సమ్మేళనం 2008లో కుపర్టినో నగరములో జరిగినది. రెండవది 2010 డిసెంబరులో హైదరాబాదులో జరుగగా, 2,850 మంది కళాకారులు ఒకేసారి హిందోళ రాగ తిల్లానాను నర్తించి గిన్నిస్ రికార్డు నెలకొల్పినారు. 2012, 2014 సంవత్సరములలోను హైదరాబాదే వేదికయైనది. 2016 డిసెంబరులో విజయవాడలో 6,117 మంది నర్తకులు పాల్గొని ముందరి రికార్డును అధిగమించినారు. అదే సంవత్సరము కాలిఫోర్నియాలో స్థాపితమైన సిలికానాంధ్ర విశ్వవిద్యాలయములో కూచిపూడి ఒక పాఠ్యాంశముగా చేరినది.

ప్రాముఖ్యత, చర్చ

ఇట్టి ఉత్సవములు ఇతర దేశములలోను కలవు. న్యూయార్కు వీధులలో పుట్టిన హిప్ హాప్ నృత్యమును రంగస్థలమునకు ఎక్కించు ఉత్సవమును జోంజీ డి అను కళాకారుడు 2004లో లండనులోని శాడ్లర్స్ వెల్స్ నాట్యశాలలో ప్రారంభించినాడు. అచ్చట వీధి నృత్యమునకు కథ, పాత్ర, సన్నివేశము సమకూరినవి. కూచిపూడి నడక ఇందుకు భిన్నమైనది. ఇది మొదటనే కథాప్రధానమైన నాటకము. క్రీడాప్రాంగణమునకు చేరునప్పటికి సామూహిక నృత్తమునకే ప్రాధాన్యము హెచ్చినది.

వేలాదిమంది ఒకే తిల్లానాను ఆడవలెనన్న, దేశదేశముల శిష్యులు ఒకే పాఠమును ఒకే లయలో సాధన చేయవలెను. ఇందువలన గురుపరంపరల నడుమ ఐక్యత ఏర్పడును, పిల్లలకు ఉత్సాహము కలుగును. అయితే అంతమంది నడుమ కనుచూపుతో, వాచికముతో కథ చెప్పుటకు తావుండదు. భామాకలాపములో సత్యభామ గర్వము, విరహము ప్రేక్షకునికి అందవలెనన్న నటుని ముఖము దగ్గరగా కనిపించవలెను. కలాపములు, యక్షగానములు పూర్తిగా ఆడగల వారు తగ్గినచో, కూచిపూడి పేరు నిలిచినను దాని నాటకాంశము క్షీణించును. కావున సంఖ్యతో లభించు కీర్తితోపాటు, సూత్రధారుని, దరువును, వాచికమును తరువాతి తరమునకు నేర్పుటపైననే ఈ కళ భవిష్యత్తు ఆధారపడియున్నది.