అనుమతి ఉన్న సాఫ్ట్‌వేర్‌కే చోటు: అపోహలు – వాస్తవాలు

ఎవరో పంపిన పీడీఎఫ్ కన్వర్టర్‌ను ఆఫీసు కంప్యూటర్లో డబుల్ క్లిక్ చేయగానే ‘సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ఈ యాప్‌ను ఆపేశారు’ అని తెర మీద పడుతుంది. ఐటీ విభాగం మీద విసుగు మొదలయ్యేది అక్కడే. ముందుగా ఆమోదించిన ప్రోగ్రాములే నడిచేలా చూసే ఈ వైట్‌లిస్టింగ్ చుట్టూ అపోహలకు కొదవ లేదు.

అపోహ: యాంటీవైరస్ ఉందిగా, ఇంకా ఇదెందుకు?

వాస్తవం: యాంటీవైరస్ ప్రధానంగా చూసేది తెలిసిన దొంగల జాబితా. వైట్‌లిస్ట్ చూసేది పిలిచిన చుట్టాల జాబితా. నిన్న రాత్రి పుట్టిన వైరస్ మొదటి దాంట్లో ఉండకపోవచ్చు, రెండో దాంట్లో ఎలాగూ ఉండదు.

అపోహ: అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వకపోతే చాలు.

వాస్తవం: చాలదు. ఆ పాస్‌వర్డ్ లేకున్నా క్రోమ్ బ్రౌజర్ యూజర్ సొంత యాప్‌డేటా ఫోల్డర్లో చేరిపోగలదు. మాల్‌వేర్‌కూ అదే దారి.

అపోహ: ఇది పెద్ద ఐటీ కంపెనీల గొడవ.

వాస్తవం: చాలా ఏటీఎంల లోపల ఉండేది విండోస్ కంప్యూటరే. వాటిలో 2019 మార్చికల్లా వైట్‌లిస్టింగ్ పెట్టాలని రిజర్వు బ్యాంకు 2018 జూన్‌లోనే బ్యాంకులను ఆదేశించింది.

అపోహ: జాబితా పెట్టాక ఇక నిశ్చింత.

వాస్తవం: వైట్‌లిస్టింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే అమెరికా కంపెనీ బిట్9లోకే హ్యాకర్లు చొరబడ్డారని 2013లో బయటపడింది. తమ సాఫ్ట్‌వేర్‌ను సొంత కంప్యూటర్లు కొన్నింటిలో పెట్టుకోలేదని ఆ కంపెనీయే ఒప్పుకుంది. చొరబడ్డవాళ్లు బిట్9 డిజిటల్ సంతకాన్నే మాల్‌వేర్‌కు తగిలించారు. 2020లో బయటపడ్డ సోలార్‌విండ్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉదంతంలోనూ మాల్‌వేర్ వచ్చింది అసలైన సంతకమున్న అప్‌డేట్‌లోనే. దాన్ని దాదాపు 18 వేల మంది ఖాతాదారులు దించుకున్నారు. పైగా పవర్‌షెల్ లాంటి కమాండ్ టూల్స్ విండోస్‌తోనే వస్తాయి. వాటిని వాడుకునే దాడిని జాబితా ఒక్కటే ఆపలేదు. ప్యాచ్‌లు, బ్యాకప్‌లు మానకూడదు.

అపోహ: దీంతో ఆఫీసు పని స్తంభిస్తుంది.

వాస్తవం: సరిగా మొదలుపెడితే స్తంభించదు. విండోస్‌లోని యాప్‌లాకర్‌కు ఆడిట్ మోడ్ ఉంది. అందులో ఏదీ ఆగదు, జాబితాలో లేనివి నడిస్తే లాగ్‌లో నమోదవుతాయి. నెల రోజుల లాగ్ చూస్తే అకౌంట్స్ విభాగం నెలాఖరున మాత్రమే తెరిచే జీఎస్‌టీ టూల్ కూడా దొరుకుతుంది. దాన్ని చేర్చకుండా తలుపు మూసేస్తే రిటర్నులు ఆగుతాయి, తిట్లు మిగులుతాయి.

కొత్త ప్రోగ్రామ్ కావాలంటే ఎవరిని అడగాలి, ఎంతసేపట్లో జవాబు వస్తుంది అన్నది ఉద్యోగులకు చెప్పాకే సంస్థలు ఈ నిషేధాన్ని అమల్లో పెట్టాలి.