చీటీలో ఆ ఒక్క మాట!

కాశిబుగ్గలో ఓ హమాలీకి ఛాతీనొప్పి వచ్చిందనుకోండి. ఆపరేషన్ చేయాలన్నారు. ఖర్చుకు ఆరోగ్యశ్రీ ఉంది. 2007లో మొదలైన ఆ పథకం పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షలు. అయితే, అనుమతినిచ్చే డాక్టరు రోగిని చూడరు, ఆసుపత్రి పంపిన కాగితాలే చూస్తారు. వాటిలో 'ఛాతీనొప్పి' అని రాసి వదిలేస్తే ఎలా? ఏ రక్తనాళం ఎంత మేర పూడుకుపోయింది, ఏ పరీక్షలో తేలింది, షుగరు, బీపీ ఉన్నాయా... అన్నీ రాయాలి. లేదంటే తిరుగు ప్రశ్నలు, ఆలస్యం. ఆ రాతే రేపు మరో డాక్టరుకూ దారి చూపుతుంది. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలన్నది వైద్యమండలి 2002లో పెట్టిన నియమం. అందుకే మొహమాటపడొద్దు. జబ్బు పేరు అడిగి రాయించుకోండి, కాగితాలు భద్రంగా దాచుకోండి!