పట్నంలో కిరాయి ఇల్లు: బోర్డు మీద ఒక లెక్క, గడప దాటితే ఇంకో లెక్క

పిల్లల చదువుల కోసం కొందరు, బోరు ఎండి సేద్యం సాగక కొందరు, కొత్త కాపురం పెట్టడానికి మరికొందరు... నల్లగొండ జిల్లా పల్లెల నుంచి హైదరాబాదు బస్సెక్కేవారికి కొదవ లేదు. బస్సు ముందుగా ఆగేది ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్‌లలో గనుక ఇంటి వేట కూడా చాలామందికి అక్కడే మొదలవుతుంది. కొత్తపేట, చైతన్యపురి, సరూర్‌నగర్, వనస్థలిపురం గల్లీల్లో గేట్లకు వేలాడే టులెట్ బోర్డులు చదువుకుంటూ కాళ్లరిగేలా తిరగవలసిందే. బోర్డు మీది నంబరుకు ఫోను చేస్తే అవతలివారు కిరాయి సంగతి చెప్పకముందే అడిగే ప్రశ్న ఒకటుంది: “ఎంతమంది ఉంటారు?”

ఈ ప్రశ్న నీళ్ల కోసం. చాలా బస్తీల్లో నల్లా రోజూ రాదు. వచ్చిన నీరు సంపులో నింపుకుని నాలుగు పోర్షన్లూ పంచుకోవాలి. ఎండాకాలం వస్తే ట్యాంకరే దిక్కు, ఆ ఖర్చు కిరాయిదార్ల మీదికే వస్తుంది. ఊరి నుంచి చుట్టాలు వచ్చి నాలుగు రోజులుంటే ఓనరమ్మ ముఖం మారేదీ అందుకే. ఇందులో చిత్రమేమంటే, నగరం తాగే కృష్ణా నీళ్లు మన జిల్లా నుంచే పోతాయి. నాగార్జునసాగర్ నీటిని పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, కోదండాపురంలో శుద్ధి చేసి, సాహెబ్‌నగర్‌కు పంపిస్తారు. 2004లో మొదలై 2015 నాటికి ఈ పథకం మూడు దశలూ పూర్తయ్యాయి. ఆ పైపులైను పక్క పల్లెవాడే పట్నం పోయి బిందెలు లెక్కపెట్టుకుంటున్నాడు.

ఆరువేల గది ఎంతకు పడుతుంది?

ఉదాహరణకు, 6 వేల రూపాయల కిరాయికి ఒక గది, వంటిల్లు దొరికిందనుకుందాం. అడ్వాన్సు రెండు నెలలు అడిగితే 12 వేలు. బ్రోకరు చూపించిన ఇల్లయితే అతనికి ఒక నెల కిరాయి, 6 వేలు. మొదటి నెల కిరాయి మరో 6 వేలు. ట్రాలీ ఆటోలో సామాను ఎక్కించకముందే 24 వేలు చేతిలో ఉండాలన్నమాట. ఖాళీ చేసే రోజున సున్నాల పేరిట అడ్వాన్సులో నెల కిరాయి పట్టుకోవడం చాలాచోట్ల ఆనవాయితీ. పదకొండు నెలలుండి ఖాళీ చేస్తే బ్రోకరుకు ఇచ్చిందీ, సున్నాలకు పోయిందీ కలిసి నెలకు 1,090 రూపాయలు అదనంగా పడినట్టే. నీళ్లకు, ఊడ్పుకు నెలకు 500 వేసుకున్నా అది ఆరువేల గది కాదు, ఏడున్నర వేల గది.

కరెంటు సంగతి వేరే చూసుకోవాలి. ఇంటి మొత్తానికి ఒకే మీటరు ఉండి, పోర్షన్లకు సబ్ మీటర్లు పెట్టిన ఇళ్లున్నాయి. యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది. అందరి వాడకం ఒకే బిల్లులో పడితే, రెండు బల్బులు, ఒక ఫ్యాను వాడినవాడికీ పై శ్లాబు రేటు తగులుతుంది. ఇల్లు చూసేటప్పుడు గదుల కంటే ముందు మీటరు చూడమనేది అందుకే.

దూరం పోతే కిరాయి తగ్గుతుంది. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్.బి.నగర్ దాకా వచ్చింది. ఆ స్టేషన్ల చుట్టుపక్కల ఇల్లంటే గిరాకీ ఎక్కువే. హయత్‌నగర్, తుర్కయంజాల్ వైపు వెళితే కొంత నయం. ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ సిటీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది గనుక ఇంట్లో పనికి పోయేది ఎవరో చూసుకుని లెక్క వేసుకోవాలి. ఇంకో చిన్న మాట. ఆషాఢంలో ఇల్లు మారేవారు తక్కువ. పట్టింపు లేనివారు బేరమాడడానికి అదే అదను.

“ఏమిట్లు మీరు?”

కిరాయి కుదిరినా గండం గట్టెక్కినట్టు కాదు. కులం అడుగుతారు. కొందరు సూటిగా, కొందరు ఇంటిపేరు మీదుగా. మాంసం వండుతారా అని అడుగుతారు. జవాబు నచ్చకపోతే ఇవ్వమని చెప్పరు, “మా చుట్టాలకు మాటిచ్చాం” అంటారు. బోర్డు మాత్రం వారం తర్వాత కూడా అక్కడే వేలాడుతుంటుంది. దళితులకు, ముస్లింలకు ఈ అనుభవం కొత్త కాదు. పెళ్లికాని కుర్రాళ్లకు బోర్డు మీదే “ఫ్యామిలీకి మాత్రమే” అని రాసి ఉంటుంది. ఇట్లా అడిగే యజమానుల్లో మన జిల్లా నుంచి పోయి ఇళ్లు కట్టుకున్నవారూ లేకపోలేదు.

చట్టం ఆదుకుంటుందా అంటే, కిరాయిల నియంత్రణకు 1960 నాటి చట్టం ఉంది. కాని 2005 సవరణ ప్రకారం నగరపాలక సంస్థల పరిధిలో నెల కిరాయి 3,500 దాటిన ఇళ్లకు అది వర్తించదు. ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలలు మించరాదని కేంద్రం 2021లో నమూనా చట్టం తెచ్చింది. దాన్ని రాష్ట్రం చట్టం చేస్తేనే అమలు. అగ్రిమెంటు మామూలుగా పదకొండు నెలలకే రాసుకుంటారు. ఏ కాగితమూ లేకుండా నెలనెలా ఉండేవారిని పదిహేను రోజుల నోటీసుతో ఖాళీ చేయమనవచ్చు. కాబట్టి అడ్వాన్సు ఎంత, సున్నాలకు ఎంత పట్టుకుంటారు, నీళ్లకు ఎవరిస్తారు, కిరాయి ఎప్పుడు ఎంత పెంచుతారు... ఇవన్నీ కాగితం మీదికి ఎక్కాలి. కిరాయి చేతికిస్తే రసీదు తీసుకోవాలి. అడగడానికి మొహమాటపడేవారే ఎక్కువ.

ఇంట్లో పెద్దవాళ్లుంటే, నోరు రాకపోయినా మరో మాట కూడా ముందే అడగాలి. కిరాయి ఇంట్లో మనిషి పోతే శవాన్ని గేటు లోపలికి రానివ్వని యజమానులున్నారు. ఆస్పత్రి నుంచి తెచ్చిన శవాన్ని రోడ్డు పక్కన టెంటు కింద ఉంచుకున్న కుటుంబాలున్నాయి. దినాలు అయ్యేదాకా ఇంట్లోకి రావద్దన్నవారూ ఉన్నారు. ఆస్పత్రి నుంచి అంబులెన్సును నేరుగా ఊరికి మళ్లించడం అందుకే. పట్నంలో ఎన్నేళ్లున్నా ఊళ్లోని రెండు గదుల పెంకుటిల్లు అమ్మకుండా తాళం వేసి ఉంచుకున్నవారిని కదిపితే, కొందరు చెప్పే కారణం ఇదే.