గొట్టాలు మారిస్తే గుర్రాలు పెరుగుతాయా?

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో దొరకని సామాను ఉండదంటారు. పటమట దాటి కానూరు వైపు వెళ్తుంటే తగిలే ఆ షెడ్లలో లారీ ఛాసిస్ మీద కొత్త బాడీ లేస్తుంటుంది, అరిగిన ఇరుసు లేత్ ఎక్కుతుంటుంది. తయారీ ఎప్పుడో ఆగిపోయిన కారుకు కూడా ఏదో మూల నుంచి స్పేర్‌పార్టు బయటికొస్తుంది. అలాంటి ఊళ్లో కార్ల పిచ్చి ఉన్న కుర్రాడికి ‘మన బండికి హెడర్లు మనమే బిగించుకుంటే?’ అన్న ఆలోచన రావడం వింతేమీ కాదు. గొట్టాలు వంచేవాళ్లున్నారు, వెల్డింగు చేసేవాళ్లున్నారు. బిగించగలమా అనేది చిన్న ప్రశ్నే. ఆ కారుకు అవి అక్కరకొస్తాయా అన్నదే ముందు తేలాలి.

నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కు పొగ బయటికొచ్చే దారులు నాలుగు. వాటిని ఒక్కచోట కలిపేదే ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్. పాత కార్లలో ఇది చాలావరకు పోత ఇనుముదే. చౌక, గట్టి, చప్పుడు తక్కువ. కానీ లోపలి దారులు పొట్టి, వంకర. ఒక సిలిండర్ వదిలిన పొగ పక్కదానికి అడ్డం పడుతుంది. దాని బదులు బిగించే హెడర్‌లో ఒక్కో సిలిండర్‌కూ విడిగా, ఇంచుమించు ఒకే పొడవు ఉక్కు గొట్టం ఉంటుంది. సిలిండర్లు 1-3-4-2 వరుసలో మండుతున్నప్పుడు, ముందు దూసుకెళ్లిన పొగ తన వెనక కాస్త అల్పపీడనాన్ని మిగులుస్తుంది. అది తర్వాతి సిలిండర్‌లో నిలిచిపోయిన వాయువును కూడా లాగేస్తుంది. ఆ మేరకు తాజా గాలి, పెట్రోలు ఎక్కువ పడతాయి.

చిక్కేమిటంటే, ఈ లాగుడు అన్ని వేగాల్లోనూ ఒకేలా ఉండదు. గొట్టం పొడవు, లావు ఏ ఆర్‌పీఎంకు లెక్కగడితే లాభం దాని చుట్టుపక్కలే. నాలుగు గొట్టాలూ నేరుగా ఒకటయ్యే రకం పైవేగాల్లో బాగుంటుంది. రెండేసి కలిసి ఆ తర్వాత ఒకటయ్యే రకం మధ్యవేగాల్లో మెరుగు. 2018 నాటి స్విఫ్ట్ 1.2 పెట్రోలు ఇంజిన్‌నే తీసుకోండి. దాని శక్తి 83 పీఎస్, అదీ 6000 ఆర్‌పీఎం దగ్గర. హెడర్ ఒక్కటే మార్చి 5 శాతం పెరిగిందనుకున్నా వచ్చేది నాలుగు గుర్రాలు. సాయంత్రం బెంజ్ సర్కిల్ కింద సెకండ్ గేర్‌లో పాకే బండి 2000 దాటదు. ఏలూరు రోడ్డు సంగతి చెప్పనే అక్కర్లేదు. గొట్టాలు మరీ లావైతే ఆ కింది వేగాల్లో ఉన్న లాగుడు కూడా తగ్గుతుంది. చప్పుడు మాత్రం తప్పకుండా పెరుగుతుంది, చప్పుడు పెరిగితే బండి ఉరుకుతున్నట్టే అనిపిస్తుంది. ఈ విషయంలో చెవిని నమ్మకూడదు.

కొన్ని కార్లకు అసలు ఈ ప్రశ్నే లేదు. డెల్టా ఊళ్లలో ఏళ్ల తరబడి ఏలిన 1.3 డీజిల్ ఇంజిన్లలో మేనిఫోల్డ్‌కే టర్బో బిగించి ఉంటుంది. హెడర్ లెక్కలు అక్కడ నడవవు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల 1.0 టీఎస్ఐ, ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్ ఇంజిన్లలో మేనిఫోల్డ్‌ను సిలిండర్ హెడ్‌లోనే కలిపి పోతపోశారు. విప్పడానికి అక్కడ ముక్కే లేదు.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 పెట్రోలు కార్లది ఇంకో కథ. క్యాటలిటిక్ కన్వర్టర్ పనిచేయాలంటే దాదాపు 250 నుంచి 300 డిగ్రీల వేడెక్కాలి. ఆ వేడి త్వరగా అందాలని దాన్ని ఇంజిన్‌ను ఆనుకునే పెడుతున్నారు. చౌక హెడర్ వేశారంటే చాలాసార్లు ఆ కన్వర్టర్ పోయినట్టే. దాని ముందు, వెనక ఉన్న ఆక్సిజన్ సెన్సర్లు తేడా కనిపెట్టి డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగిస్తాయి. కాలుష్య తనిఖీలో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు, కన్వర్టర్ లేకుండా అది కష్టం. విప్పిన కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి కాబట్టి దాన్ని షెడ్డులో వదిలేసి రావడమంటే డబ్బు వదిలేసి రావడమే.

చట్టం కూడా మెతకగా లేదు. కంపెనీ నమూనాకు భిన్నంగా మార్చిన బండిని రిజిస్టర్ చేయరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. చప్పుడు, పొగ ప్రమాణాలు మీరితే జరిమానా 10,000 దాకా వెళ్తుంది. పోలీసులు రోడ్డు రోలర్‌తో తొక్కిస్తున్నవి బైకు సైలెన్సర్లే అయినా, ఆ సెక్షన్లు కార్లకూ వర్తిస్తాయి.

ఇక మిగిలేవి పందెం కార్లు, పాత పెట్రోలు కార్లు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద తిప్పే కారుకు హెడర్ సరైన సామానే. తెలుగు నేల మీద 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ప్రపంచ స్థాయి ఫార్ములా-ఈ పందెం విద్యుత్తు కార్లకైతే పొగగొట్టమే లేదనుకోండి! పాత ఎస్టీమ్, పాలియో 1.6, ఐకాన్, మొదటితరం హోండా సిటీ వీటెక్ లాంటివి ఇంట్లో ఉన్నవాళ్లకు మాత్రం చేతిపని మీద ఆశ పుట్టడం సహజం.

అక్కడ అసలు పరీక్ష మేనిఫోల్డ్‌ను ఇంజిన్ హెడ్‌కు పట్టి ఉంచే స్టడ్ల దగ్గర మొదలవుతుంది. పదిహేనేళ్లు వేడెక్కి చల్లారిన నట్లు, పైగా డెల్టా తేమ. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన బండైతే ఇంకా జాగ్రత్త. ముందురోజే తుప్పు వదిలించే నూనె కొట్టి నాననివ్వాలి. మొండిగా పాన తిప్పితే స్టడ్ అల్యూమినియం హెడ్‌లోనే విరుగుతుంది. ఆ ముక్క తీయించడానికి ఎటూ ఆటోనగర్‌కే వెళ్లాలి. కారు కింద దూరే ముందు స్టాండ్లు పెట్టాలి, జాకీ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. కొన్న హెడర్ ఫ్లాంజ్ మీద ఉక్కు స్కేలు ఆనించి చూడాలి. పల్చటిదైతే వేడికి వంగుతుంది. గ్యాస్‌కెట్ కొత్తది వేసి, నట్లు మధ్య నుంచి అంచులకు, మాన్యువల్‌లో రాసిన టార్క్‌తో బిగించాలి. నాలుగైదుసార్లు వేడెక్కి చల్లారాక మళ్లీ చూడాలి.

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మంటే పొగ కారుతోందన్నమాట. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పోతే సెన్సర్ మోసపోయి పెట్రోలు ఎక్కువ పోయిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ కారులోకి చేరడం అంతకంటే ప్రమాదం. దానికి వాసన ఉండదు. పల్చటి గొట్టాలు పోత ఇనుము కంటే ఎక్కువ వేడి విరజిమ్ముతాయి కాబట్టి, బెజవాడ మే నెలలో పక్కనున్న వైర్లకూ రబ్బరు గొట్టాలకూ రక్షణ కావాలి. మైల్డ్ స్టీలు గొట్టాలకు గుడ్డలాంటి హీట్ ర్యాప్ చుడితే అది తేమను పట్టి ఉంచి తుప్పును పెంచుతుంది.

పాత మేనిఫోల్డ్‌ను మాత్రం తుక్కు కింద అమ్మొద్దు. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది, ఆపైన ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. హెడర్ల మీద మనసు పడే ఆ పాత కార్లు చాలావరకు ఈ వయసు దాటినవే. వాహన తనిఖీ అధికారి బానెట్ ఎత్తే రోజుకు ఆ ఇనుప ముక్క మళ్లీ తన చోట ఉండాల్సి రావచ్చు.