100 మీటర్ల పరుగు నుంచి డీఎస్పీ దాకా: నిఖత్ జరీన్ దారి మన ఇళ్లకు ఏం చెబుతోంది?

ఐనవిల్లి: కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే చాలు, కోనసీమ ఊళ్లలో తెల్లవారకముందే పరుగులు మొదలవుతాయి. గత నోటిఫికేషన్ల ప్రకారం 1600 మీటర్లను మగవాళ్లు 8 నిమిషాల్లో, ఆడవాళ్లు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. 100 మీటర్లకైతే మగవాళ్లకు 15 సెకన్లు, ఆడవాళ్లకు 18 సెకన్లు. అంటే పోలీస్ కావాలంటే ముందు కాళ్లలో సత్తువ ఉండాలి.

అదే 100 మీటర్ల పరుగుతో ఆటల్లోకి వచ్చి, బాక్సింగ్‌లో రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయి, ఇవాళ తెలంగాణ పోలీస్‌లో డీఎస్పీగా ఉన్న ముస్లిం అమ్మాయి నిఖత్ జరీన్. ఆమె పతకాల గురించి అందరూ విన్నారు. ఆ పతకాల వెనక ఇంట్లో ఏం జరిగింది, యూనిఫాం ఎలా వచ్చింది అన్నది మాత్రం తక్కువ మందికి తెలుసు.

గల్ఫ్ నుంచి వెనక్కి వచ్చిన తండ్రి

నిఖత్ 1996 జూన్ 14న నిజామాబాద్‌లో పుట్టారు. తండ్రి మహ్మద్ జమీల్ అహ్మద్, తల్లి పర్వీన్ సుల్తానా. నలుగురు ఆడపిల్లల్లో నిఖత్ మూడో అమ్మాయి. జమీల్ అహ్మద్ స్వయంగా ఆటగాడు. సౌదీలో ఏళ్ల తరబడి పనిచేసి, పిల్లల చదువు, ఆట దగ్గరుండి చూసుకోవాలని తిరిగొచ్చేశారు. గల్ఫ్ జీతం వదులుకోవడం అంటే ఏమిటో కోనసీమ కుటుంబాలకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆయన కూతుర్ని మొదట దింపింది పరుగులోకే. 100, 200 మీటర్లు ఆమె ఈవెంట్లు. మైదానంలో అన్ని ఆటల్లోనూ అమ్మాయిలు కనిపిస్తున్నా బాక్సింగ్‌లో మాత్రం ఒక్కరూ లేకపోవడం ఆ పిల్ల కంట్లో పడింది. ఎందుకు లేరని తండ్రిని అడిగింది. అంత బలం ఆడపిల్లలకు ఉండదని జనం అనుకుంటారని ఆయన చెప్పారు. ఆ మాటే పట్టుదల అయింది.

అబ్బాయిలతో ప్రాక్టీస్ చేసి ముఖం మీద దెబ్బలతో ఇంటికొస్తే అమ్మ ఏడ్చారు, పెళ్లెలా అవుతుందని బెంగపడ్డారు. పొట్టి నిక్కర్లేంటని చుట్టాలు, తెలిసినవాళ్లు మాటలన్నారు. తండ్రి మాత్రం వెనక్కి తగ్గలేదు. కూతురు గెలిచాక, అప్పుడు మాటలన్నవాళ్లే పక్కన నిలబడి ఫొటోలు దిగారు.

విశాఖలో శిక్షణ, మధ్యలో ఓటమి

2009లో ఆమె విశాఖపట్నంలోని స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా కేంద్రంలో చేరారు. అక్కడ ద్రోణాచార్య అవార్డు గ్రహీత ఐ.వెంకటేశ్వరరావు దగ్గర శిక్షణ. 2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయ్యారు.

ఆ తర్వాత దారి నున్నగా సాగలేదు. 2017లో భుజానికి గాయమై ఆపరేషన్ జరిగింది, చాలా కాలం రింగ్‌కు దూరమయ్యారు. 2019లో ఒలింపిక్ క్వాలిఫైయర్లకు ఎవరిని పంపాలో ట్రయల్ పెట్టి తేల్చాలని క్రీడా మంత్రికి బహిరంగంగా లేఖ రాశారు. ట్రయల్ జరిగింది. మేరీ కోమ్ చేతిలో 9-1 తేడాతో ఓడిపోయారు. చాలామంది ఆమె కథ అయిపోయిందనుకున్నారు.

2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయిలాండ్ బాక్సర్ జుటామస్ జిట్‌పాంగ్‌ను 5-0తో ఓడించి 52 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్‌లో స్వర్ణం. 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో మళ్లీ ప్రపంచ టైటిల్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మాత్రం చైనా బాక్సర్ వూ యూ చేతిలో ఓడి, పతకం లేకుండానే తిరిగొచ్చారు.

యూనిఫాం ఎలా వచ్చింది?

పారిస్ నుంచి వచ్చిన కొద్ది వారాలకే, 2024 సెప్టెంబర్‌లో, ఆమె డీఎస్పీగా బాధ్యతలు తీసుకున్నారు. తర్వాతి నెలలో క్రికెటర్ మహ్మద్ సిరాజ్‌కు కూడా అదే హోదా వచ్చింది. పరుగులో అయితే అస్సాం అమ్మాయి హిమా దాస్ ఉన్నారు. వరి రైతు కూతురు. 2018లో ఫిన్లాండ్‌లో అండర్-20 ప్రపంచ పోటీల్లో 400 మీటర్లను 51.46 సెకన్లలో పరుగెత్తి స్వర్ణం గెలిచారు. 2021 ఫిబ్రవరిలో అస్సాం పోలీస్‌లో డీఎస్పీ అయ్యారు.

ఇవన్నీ ప్రభుత్వాలు నేరుగా ఇచ్చిన నియామకాలు. అంతర్జాతీయ స్థాయిలో దేశానికి పేరు తెచ్చిన కొద్దిమందికే ఇది దొరుకుతుంది. ఉద్యోగం వచ్చిందని ఆట ఆపాల్సిన పని లేదు. నిఖత్ డీఎస్పీ అయ్యాకే, 2025 నవంబర్‌లో గ్రేటర్ నోయిడాలో జరిగిన వరల్డ్ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో స్వర్ణం గెలిచారు.

మామూలు పిల్లలకు ఉన్న దారి

రెండో దారి స్పోర్ట్స్ కోటా. ప్రపంచ ఛాంపియన్ కాకపోయినా ఇది తెరిచే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో ప్రకటించిన క్రీడా విధానంలో ఉద్యోగాల్లో ఈ కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. ఇక్కడ పతకం ఒక్కటే సరిపోదు, కాగితం కావాలి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు వేర్వేరు ఫారాలు ఉన్నాయి. దేశం తరఫున ఆడితే ఫారం 1, జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడితే ఫారం 2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం 3, జాతీయ స్కూల్ గేమ్స్‌కు ఫారం 4. రాష్ట్ర ఉద్యోగాలకు ఏ ఆటలు, ఏ సర్టిఫికెట్లు చెల్లుతాయో ఆ నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి. పోటీ ముగిసిన వెంటనే సంతకం, సీలు వేయించుకుని దాచుకోవడం మంచిది. ఏళ్లు గడిచాక ఆ సంతకం కోసం తిరగడం చాలా కష్టం.

ఇంట్లో తేలాల్సిన మాట

స్కూల్ స్పోర్ట్స్ డేలో ముందు నిలిచే పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. ఆడపిల్లల విషయంలో ఆ పరుగు చాలాసార్లు పదో తరగతితోనే ఆగిపోతోంది. దానికి ఏ కోచ్ కారణం కాదు, ఏ రూలూ కారణం కాదు. "ఇక చాలమ్మా" అన్న ఒక్క మాట అడ్డం పడుతోంది.

జమీల్ అహ్మద్ ఆ మాట అనలేదు. జనం నాలుగు మాటలన్నా కూతుర్ని మైదానానికి పంపుతూనే ఉన్నారు. నిఖత్ భుజం మీద నక్షత్రాలు ప్రభుత్వం పెట్టింది 2024లో. ఆమె తండ్రి తన వంతు నిర్ణయం అంతకు చాలా ఏళ్ల ముందే తీసేసుకున్నారు.